మామగారి దారిబత్తెం

కాశీకి వెళ్ళినవాళ్ళు ఏదో ఒకటి వదిలేసి రావాలంటారు. ఈ వదిలేయడంలో మనవాళ్ళు మహా తెలివిగలవాళ్ళు. కాకరకాయ గిట్టనివాడు కాకరకాయ వదిలేస్తాడు, పొట్లకాయ చూస్తే మొహం తిప్పుకునేవాడు పొట్లకాయ వదిలేస్తాడు. మా అత్తగారు కంద వదిలేసి వచ్చారు. కంద తింటే ఆవిడకి చిన్నప్పటి నుంచీ గొంతు దురద. మా మామగారు మాత్రం పాలు వదిలేసి వచ్చారు.

పాలంటే ఒట్టి పాలు కాదు. పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి, కోవా, అన్నిటినీ మించి పొద్దున్నే కాఫీ. ఆఖరి ముద్ద పెరుగన్నం కాకపోతే అసలు భోజనం చేసినట్టే కాదనుకునే మనిషి ఆయన. "ఏం మామయ్యగారూ, వదలడానికి ఇంకేమీ దొరకలేదా?" అని అడిగాను.

"ఇష్టం లేనిది వదిలేదానికి అంత దూరం రైలెక్కి పోవాల్నా అప్పా? ఈడే కాటన్‌పేట మోరీలో పారేస్తే సాలదా?" అన్నారు.

మగవాళ్ళయినా, ఆడవాళ్ళయినా, ఆటో నడిపే మనిషయినా ఆయనకి అందరూ "అప్పా"నే. నాది కృష్ణా జిల్లా, దివిసీమ. పెళ్ళయిన కొత్తలో నన్ను పట్టుకుని అప్పా అంటాడేమిటీయన అని ఒళ్ళు మండేది. నాకు ఒళ్ళు మండడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు, ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. వాళ్ళ కుటుంబం తరతరాలుగా బెంగుళూరు కాటన్‌పేటలో బెల్లం, ఖర్జూరం, ఎండుద్రాక్ష టోకున అమ్మిన కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగే, కానీ సగం రాయలసీమ, సగం కన్నడం. మా ఆయనా నేనూ ఉద్యోగాల కోసం బ్రూక్‌ఫీల్డ్‌లో కాపురం పెట్టాం. ఆదివారాలు కాటన్‌పేటకి వెళ్ళేవాళ్ళం.

అలా వెళ్ళిన ఓ ఆదివారం, డికాషన్‌లో బెల్లం వేసుకుని తాగుతున్న తండ్రిని చూసి మా ఆయన నవ్వాడు. "నాన్నా, నువ్విప్పుడు వీగన్ అయిపోయినావు," అన్నాడు.

"బీగరా? ఎవురికి బీగరు?" అన్నారు మామగారు. కన్నడంలో బీగరంటే వియ్యంకుడు. కాదు, జంతువుల నుంచి వచ్చింది ఏదీ తిననివాళ్ళని అలా అంటారని చెప్పాను. తేనె కూడా తినరు అన్నాను, ఏమంటారో చూద్దామని. ఆయన గ్లాసు పక్కన పెట్టారు. "నిజమే గదా. పాలు దూడ నోటికాడివి, తేనె ఈగల నోటికాడిది," అని ఆ పూట నుంచి తేనె కూడా మానేశారు. నా నోరు ఊరుకోదు, ఏం చేస్తాం!

ఇంట్లో ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. కానీ కొట్టు దాయాదులకి అప్పజెప్పేశాక ఆయనకి కాళ్ళకి చక్రాలు వచ్చాయి. పేటలోని పెద్దవాళ్ళంతా కలిసి బస్సు మాట్లాడుకుని క్షేత్రాలు తిరిగేవారు. శ్రీశైలం, రామేశ్వరం, ధర్మస్థల. దారిలో తినడానికి ఏముంటుంది? బిస్కెట్లలో పాలపొడి, మిఠాయిల్లో నెయ్యి, గుళ్ళో పెట్టేది పెరుగన్నం. ప్రసాదం కళ్ళకద్దుకుని పక్క సీటాయనకి ఇచ్చేసేవారట. అరటిపళ్ళూ బొరుగులూ తిని ఇంటికొచ్చేసరికి చొక్కా భుజాల మీంచి జారిపోయేది. ఒకసారి అలా చూసేసరికి నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నేను వంటింట్లోకి పోతాను.

మొదట ఫోన్లో వీడియో చూసి ఓట్సూ బాదంపప్పులూ కలిపి ఎనర్జీ బార్లు చేశాను. బస్సు కుదుపులకి అవన్నీ పొడి అయిపోయాయి. "పొడి బాగుండాదప్పా, విబూది మాదిరి నుదుట పెట్టుకొంటి," అన్నారు తిరిగొచ్చి. పట్టుదల వచ్చింది. కాటన్‌పేట కొట్టు నుంచే మెత్తటి ఖర్జూరాలు తెప్పించి గింజలు తీసి నూరాను. పల్లీలు, నువ్వులు, పుట్నాలపప్పు దోరగా వేయించి బరకగా పట్టాను. ఎండుకొబ్బరి తురిమాను, గుమ్మడిగింజలు కలిపాను. బెల్లం లేతపాకం పట్టి, శొంఠి, ఏలకులు వేసి, అన్నీ కలిపి, కొబ్బరినూనె రాసిన పళ్ళెంలో గ్లాసు అడుగుతో గట్టిగా అదిమాను. ఆరాక కోస్తే చాకుకి అంటకుండా ముక్కలు తెగాయి. వాటిని బటర్ పేపర్లో చుట్టి ఇచ్చాను. ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి వాసన చూసి, "దీంట్లో వెన్న ఉండాదేమప్పా?" అన్నారు. లేదని ఎంత చెప్పినా నమ్మలేదు. అన్నీ విప్పి స్టీలు డబ్బాలో సర్దాల్సి వచ్చింది.

పేరు దగ్గర ఇంకో పేచీ. "బస్సులో అందురి ముందర మా కోడలు బారు కట్టిచ్చిందంటే ఏమనుకొంటారు? మనింట్లో బార్లు యాడుండాయి?" అన్నారు. "మరేమందాం?" అంటే, వాళ్ళ జేజి, అంటే నాయనమ్మ, బండి ప్రయాణాలకి మూట కట్టేటప్పుడు అనే మాట ఒకటి గుర్తు తెచ్చుకున్నారు. దారిబత్తెం. ఆ తరవాత నేను చేసింది ఏ పప్పుతో చేసినా, ఏ గింజలతో చేసినా, దారిబత్తెమే. ఆయన తినేది తక్కువ, పంచేది ఎక్కువ. ప్రతి బస్సులోనూ ఎవరో ఒకావిడ ఎలా చేశారని అడిగితే ఈయన పాకం సంగతి కూడా తానే పట్టినట్టు చెప్పేవారట. మా నాన్న నా వంటకి ఎప్పుడూ వంకలే పెట్టేవాడు. నా చేతి వంట గురించి నలుగురిలో గొప్పగా చెప్పుకున్న మొదటి మనిషి మామగారే.

ఆయనకి ఒక కోరిక మిగిలిపోయింది. బెంగుళూరుకి ఏరు లేదు. ఏరు లేని ఊళ్ళో పుట్టినందుకో ఏమో, ఆయనకి నదులంటే పిచ్చి. గంగలో మునిగారు, కావేరిలో మునిగారు, తుంగభద్ర సరేసరి. కృష్ణ సముద్రంలో కలిసే చోటు మాత్రం చూడలేదు. అది మా దివిసీమలోనే, హంసలదీవి దగ్గర. "మీ ఊరి తావ ఏరు సముద్రంలోకి పొయ్యేది సూపీయప్పా," అని ఎప్పుడూ అడిగేవారు. నాతోనే వెళ్ళాలి, బస్సు వాళ్ళతో కాదు. ఒక ఏడు నా ఆఫీసు, ఒక ఏడు వరద, ఒక ఏడు అత్తగారి మోకాళ్ళు. చివరికి ఈసారి రైలు టికెట్లు తీశాం. ఆయన డబ్బా తోమి ఎండలో పెట్టారట, పదిరోజుల ముందే.

వెళ్ళే వారంలో ఆయన కాళ్ళు వాచాయి. మెట్టు ఎక్కితే ఆయాసం. గుండె బలహీనమైందన్నారు డాక్టర్లు. ఊరికి అవతలి కొసన ఉన్న ఆసుపత్రిలో చేర్చాం. టికెట్లు రద్దు చేశానని చెబితే, "మళ్ళా తియ్యి," అన్నారు. రోజూ అదే మాట. నేను ఊ కొట్టేదాన్ని. ఊ కొట్టడమేమిటి, నమ్మాను కూడా. ఆయన్ని ఎలాగైనా హంసలదీవి గట్టు మీద కూచోబెట్టాలని నా మొండి పట్టు. కాస్త తేరుకున్నారు, రేపో ఎల్లుండో ఇంటికి పంపుతామని డాక్టరు అన్న సాయంత్రం, నేను బయల్దేరుతుంటే చెయ్యి పట్టుకున్నారు.

"బత్తెం చేసి పెట్టుకో. ఈతూరి నీ మాట ఇనేది లేదు."

మర్నాడు సెలవు పెట్టి ఇంట్లో ఉండి, పొద్దున్నే ఖర్జూరాలు ముందు వేసుకుని కూర్చున్నాను. ఆసుపత్రిలో అత్తగారూ మా ఆయనా ఉన్నారు.

ఇక్కడ మా ఇంటి తెలుగు గురించి చెప్పకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. మేము "ఉన్నాడు" అనేదాన్ని వాళ్ళు "ఉండాడు" అంటారు. పెళ్ళి కుదిరిన కొత్తలో నేను మా ఆయన కోసం కాటన్‌పేట కొట్టుకి ఫోన్ చేస్తే, అవతల మామగారు "ఉండాడప్పా" అనేవారు. నా దివిసీమ చెవికి అది "ఉండడప్పా" అని వినపడేది. ఉండడట, సరే, అని టక్కున పెట్టేసేదాన్ని. పక్కనే చెయ్యి చాపుకుని నిలబడ్డ పెళ్ళికొడుకు తెల్లమొహం వేసేవాడట. ఈ కథ చెప్పుకుని ఇంటిల్లిపాదీ నన్ను ఏళ్ళ తరబడి ఏడిపించారు. ఆ పరువు దక్కించుకోవాలని నేను చెవిని బాగా సాధన చేయించాను. వాళ్ళ నోట ఆ మాట ఎంత పొట్టిగా, ఎంత మెల్లగా వచ్చినా దీర్ఘం నేనే పెట్టుకుని వినడం నేర్చుకున్నాను.

అత్తగారి ఫోన్ వచ్చేసరికి నా రెండు చేతులూ ఖర్జూరం ముద్దలో ఉన్నాయి. మోచేత్తో ఫోన్ నొక్కి స్పీకర్లో పెట్టాను. పై ఫ్లాట్లో ఎవరో గోడకి డ్రిల్లింగ్ చేస్తున్నారు. బ్రూక్‌ఫీల్డ్‌లో పగలంతా ఎవరో ఒకరు గోడలు తొలుస్తూనే ఉంటారు.

"యాడుండావమ్మా?" అన్నారు. గొంతు పూడుకుపోయి ఉంది. నిద్ర లేక అనుకున్నాను.

"ఇంట్లోనే అత్తయ్యా. డిశ్చార్జి రాశారా?"

పైన డ్రిల్లు ఆగి మళ్ళీ మొదలైంది. "లేదమ్మా," అన్నారు. "మీ మామ ఇంగా ఉండాడు."

ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు, ఇవాళ పంపేటట్టు లేరు, అని నాకు అర్థమైంది. "సరే అత్తయ్యా, అయితే కంగారేం లేదు. చేతిలో పని ఉంది, ముగించుకుని నిదానంగా వస్తాను," అన్నాను. ఆవిడ పెట్టేశారు.

నేను నిదానంగానే చేశాను. పాకం లేతగా దింపాను. నువ్వులు కాస్త ఎక్కువ వేశాను, ఆయనకి ఇష్టమని. పళ్ళెంలో అదిమి, ఆరేదాకా స్నానం చేసి, చీర మార్చుకుని, ముక్కలు కోసి డబ్బాలో సర్దాను. కారు మాట్లాడుకుని బయల్దేరాను. సగం దారిలో, కదలని ట్రాఫిక్‌లో ఉండగా, మా ఆయన ఫోన్ చేశాడు. ఎక్కడున్నావన్నాడు. చెప్పాను.

"ఇంకా అక్కడేనా? నాన్న పోయారు," అన్నాడు. "అమ్మ అప్పుడే చెప్పింది కదా నీకు, ఇంక ఉండడని."

డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇంగ ఉండడు. ఇంగా ఉండాడు. ఆవిడ మొదటిది అన్నారు, నేను రెండోది విన్నాను. ఎన్నిసార్లు తిప్పి తిప్పి గుర్తు చేసుకున్నా నా చెవిలో రెండోదే మోగుతోంది. ఆయన ఊపిరి అందక కొట్టుకుంటున్నంత సేపూ నేను పళ్ళేనికి కొబ్బరినూనె రాస్తున్నాను. వెంటనే బయల్దేరి ఉంటే ప్రాణం ఉండగానే చేరేదాన్ని. మా ఆయన కూడా అదే అన్నాడు, ఒకే ఒక్కసారి, తరవాత మళ్ళీ అనలేదు. ఆఖర్న ఆయన గుమ్మం వైపు చూశారట. ఎవరి కోసం చూశారో ఎవరూ చెప్పలేదు. నా కోసమేనని నేను అనుకుంటాను. అనుకోకుండా ఉండలేను.

కాటన్‌పేట ఇంటికి తీసుకొచ్చారు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు. పక్కింటివాళ్ళు కాఫీ తెచ్చారు, అత్తగారు తాగారు. ఎదురింటావిడ ఉప్మా తెచ్చి పెడితే రెండు ముద్దలు తిన్నారు. సాయంత్రం నేను మంచినీళ్ళు పట్టుకెళితే మొహం గోడకి తిప్పుకున్నారు. దుఃఖం అనుకున్నాను. మర్నాడూ అంతే. నాతో ఏదైనా చెప్పాలంటే మా ఆయనతో చెప్పించేవారు. నాకు ఏడుపు కంటే ముందు కోపమే వస్తుంది కదా, లోపల్లోపల రగిలిపోయాను. అస్థికలు శ్రీరంగపట్నంలో కావేరిలో కలుపుదామని పెద్దలు నిర్ణయించారు. హంసలదీవి అన్న మాట నా నోటి దాకా వచ్చింది. ఆ ఇంట్లో అడిగే మొహం నాకు లేకపోయింది. పోనీ జరిగింది చెప్పేద్దామా అంటే, మొగుడు పోయిన మనిషి ముందు కూర్చుని ఒక దీర్ఘం గురించి ఎలా వాదించను?

పెద్దకర్మ నాడు పురోహితుడు పిండాలు కలుపుతూ పాలు, తేనె, నెయ్యి ఇమ్మన్నారు. ఎవరో గిన్నె అందించబోయారు. నేను చూస్తూ ఊరుకోలేకపోయాను.

"మామయ్యగారు పాలు ముట్టరు," అన్నాను. గట్టిగానే అన్నాను. "కాశీలో వదిలేశారు. తేనె కూడా తినరు. వాటితో పెట్టకండి."

అందరూ నా వైపు చూశారు. పురోహితుడు మర్యాదస్తుడు. ఆ నియమం బతికి ఉన్నన్నాళ్ళేనమ్మా, పోయినవారికి అది వర్తించదు అన్నారు. అదేం మాటండీ, ఇన్నేళ్ళు ఆయన కోసం గింజ గింజా ఏరి వండానే, ఒక్క చుక్క నెయ్యి తగలకుండా విడిగా గిన్నెలు పెట్టానే, ఇవాళ మీరొచ్చి పోసేస్తారా అని ఇంకా ఏదేదో అన్నాను. మా ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. అప్పుడు అత్తగారు గోడవార నుంచి లేచారు. అన్ని రోజుల తరవాత నాతో నేరుగా మాట్లాడిన మాట అదే.

"పొయ్యనీలేమ్మా. ఎన్నేండ్లాయె పాలు తాగి. ఇబ్బుడన్నా తాగనీ."

ఇక నేను అక్కడ నిలబడలేకపోయాను. వంటింట్లోకి వెళ్ళి, బొరుగుల డబ్బా పక్కన నేల మీద కూలబడి ఏడ్చాను. ఆయన పోయిన తరవాత నేను సరిగ్గా ఏడ్చింది అప్పుడే. భోజనాలన్నీ అయ్యాక అత్తగారు వచ్చి గుమ్మంలో కూర్చున్నారు. చాలాసేపు చీర కొంగు మడతలు పెట్టుకుంటూ ఉండిపోయారు.

"ఆయప్ప కోసం ఇంత ఏడుస్తాండావు," అన్నారు. "మరి ఆ పొద్దు అంత మాట ఎట్లంటివమ్మా? మీ మామ ఇంగ ఉండడంటే, కంగారేం లేదు, నిదానంగా వస్తానంటివే. ఫోను పట్టుకొని అట్లే నిలబడిపోతి. ఆయప్ప నీ పేరే సెప్తాండె."

అప్పుడు చెప్పాను. డ్రిల్లింగ్ చప్పుడు, నా చేతులు ఖర్జూరంలో ఉండడం, నాకు వినపడిన మాట. ఇంకా ఉన్నారనుకున్నానత్తయ్యా, ప్రాణంతో ఉన్నారు, ఇంకా పంపలేదు అనుకున్నాను, అందుకే అలా అన్నాను, అన్నాను. నా గొంతు నాకే సంజాయిషీలా వినిపించింది. ఆవిడ నమ్ముతారో లేదో తెలియదు.

ఆవిడ పెదాలతో ఆ రెండు మాటలూ చిన్నగా అనుకున్నారు, ముందు ఇదీ, తరవాత అదీ, రుచి చూసినట్టు. నా మొహం వైపు చూశారు.

"అయితే నీకు ఇంగొంచేపు ఉండె," అన్నారు. "నువ్వు డబ్బా సర్దుకొనేవరకూ ఉండె. మేలే అయ్యిందిలేమ్మా. నాకు ఆ మాట అనేటప్పుడే లేకపాయె."

పెళ్ళయినప్పటి నుంచీ నేను ఆవిడ ఏడవడం చూడలేదు. ఆసుపత్రిలోనూ ఏడవలేదు, కర్మల్లోనూ ఏడవలేదు. ఇప్పుడు నా భుజం మీద తల పెట్టి ఏడ్చారు, నోరు తెరిచి, చిన్నపిల్లలా. నేను కదలకుండా కూర్చున్నాను.